కాలు తగిలితే

వెనక్కి నడవడం నేర్చుకోవడానికి ఆదివారం ఆదివారం బస్సెక్కి ఆదోనికి పోయే మనిషి ఎమ్మిగనూరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను. హైస్కూలు పిల్లలకు తెలుగు చెబుతాను. తప్పులు దిద్దడం నా పని. దిద్దించుకోవడం నాకు బొత్తిగా అలవాటు లేదు. అలాంటిదాన్ని, యాభై దాటిన వయసులో ఒక హాల్లో నిలబెట్టి, "కాలు ఈడ్సొద్దు మేడం. ఎత్తల్ల, పెట్టల్ల" అని ఒకాయన పదే పదే చెబుతుంటే ఒళ్ళు మండేది. నోరు మూసుకుని ఎత్తేదాన్ని, పెట్టేదాన్ని. మా ఆయన మళ్ళీ నడవాలి మరి.

మా ఆయన సర్కారు బస్సు డ్రైవరు. మా చుట్టుపక్కల ఆయన బండి తిరగని రోడ్డు లేదు. ఒకరోజు నందవరంలో జనాన్ని దించి, మళ్ళీ బండి తీద్దామంటే ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేవలేదట. వెనక కండక్టరు "రైట్ రైట్" అంటున్నాడు, ఈయన తన కాలి వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ సంగతి నాకు చాన్నాళ్ళకు గానీ చెప్పలేదు. కర్నూలు డాక్టరు చూసి పార్కిన్సన్ జబ్బు అన్నాడు. చేతుల వణుకు కొద్దిగానే ఉంది, అసలు బాధంతా నడకతోనే అన్నాడు. మా ఆయన ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఆ జబ్బు తీరే వేరు. సమంగా ఉన్న నేల మీద, అందులోనూ తలుపుల దగ్గర, కాళ్ళు ఉన్నట్టుండి అతుక్కుపోతాయి. మనిషి ముందుకు వంగుతాడు. కాళ్ళు మాత్రం ఉన్నచోటనే సన్నగా వణుకుతాయి, లేవవు. అదే మనిషిని మెట్ల దగ్గరికి తీసుకుపోతే చకచకా ఎక్కేస్తాడు. చూసినవాళ్ళలో కొందరు తాగుడన్నారు, కొందరు నాటకమన్నారు. ఆ మాటలు చెవిన పడ్డాక ఆయన వీధిలోకి రావడం మానేశాడు.

నేను బడికి పోక తప్పదు. నేను పోయాక ఒకనాడు వంటింటి తలుపు దగ్గర ఇరుక్కుపోయి, పాలాయన వచ్చేదాకా అట్లాగే చౌకట్టు పట్టుకుని నిలబడిపోయాడట. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి, జరిగింది చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పెద్ద కోరికలేమీ లేవు నాకు. నేను ఇంట్లో లేని వేళ ఆయన తనంతట తాను మంచం నుంచి వాకిటికి, వాకిటి నుంచి పెరట్లోకి పోయి రాగలిగితే చాలు.

అందుకే మా వదిన వచ్చింది. వదిన మా ఆయన అక్క. దేవనకొండ దగ్గరి పల్లెలో ఆమెకు కొంచెం చేను ఉంది, వాన పడితే శనగ, లేకుంటే లేదు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆమె వస్తే నాకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను. వచ్చిన మర్నాటి నుంచే ఇంట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ తమ్ముడి వెనకాలే తిరగడం మొదలుపెట్టింది. ఆయన లేస్తే కుర్చీ. ఒక అడుగు తడబడితే కుర్చీ. "కూకోప్పా, నువ్వెందుకు లేస్తావు? నేను తెచ్చిస్తా గదా" అంటుంది. నీళ్ళు, టీ, పేపరు అన్నీ కుర్చీ దగ్గరికే వచ్చేవి. ఇదేం ప్రేమ వదినా, కాళ్ళున్న మనిషిని కుర్చీకి కట్టేస్తున్నావు అని అనాలని నోటిదాకా వచ్చేది. కానీ ఆయన్ని పెంచిన చేతులు అవి. నేనేమనగలను?

టాంగో అనే విదేశీ జంట డ్యాన్సు గురించి చెప్పింది ఆదోనిలో వ్యాయామం చేయించే డాక్టరమ్మ. తాళానికి నడిస్తే ఈ జబ్బువాళ్ళ కాలు బాగా కదులుతుంది, వెనకడుగులూ మలుపులూ ఉంటే ఇంకా మంచిది అంది. మాస్టరు ఒకాయన ఊళ్ళోనే ఉన్నాడు, పోయి కలవండి అంది. మా ఆయన నా వంక చూశాడు.

"నేనేంది, డ్యాన్సేంది? నలుగురు సూస్తే నవ్విపోతారు."

"ఇప్పుడు ఏడుస్తాండారు గదా, కొన్నాళ్ళు నవ్వనీ" అన్నాను నేను.

ఇంట్లో వదినకు చెప్పాను. కుర్చీని గోడ వైపు జరిపి, దాని మీద ఆమే కూర్చుని ముఖం తిప్పుకుంది.

బస్సులో పోవడం ఆయనకు సులువే. మెట్లెక్కడం వచ్చు కదా. ఎక్కగానే కొత్త డ్రైవర్లు "అన్నా, ముందరికి రా, ఈడ కూకో" అని తమ వెనక సీటు చూపేవాళ్ళు. ఆదోని వచ్చేదాకా మా ఆయన కిటికీ వైపు చూసేవాడు కాదు. డ్రైవరు కాళ్ళకేసి చూసేవాడు. గేరు మారినప్పుడల్లా ఆయన ఎడమ కాలి వేళ్ళు చెప్పులో కదిలేవి. నేను అది చూసి చూడనట్టు తల తిప్పుకునేదాన్ని.

మాస్టరు ఆదోనివాడే. బెంగుళూరులో పెద్ద పెద్ద హోటళ్ళలో చాలా కాలం ఇలాంటి డ్యాన్సులు నేర్పి, తండ్రి బట్టల దుకాణం చూసుకోవడానికి తిరిగి వచ్చాడు. దుకాణం మీద పొడుగాటి హాలు. సాయంత్రాలు అక్కడ పిల్లలకు సినిమా డ్యాన్సులు నేర్పుతాడు. ఆ హాల్లోనే ఒక మూల ఆయన నమాజు చేసుకుంటాడు కాబట్టి చెప్పులు కింద మెట్ల దగ్గరే విడవాలి. టాంగోకు మడమ ఉన్న బూట్లు వేసుకోవాలట. మేము ఒట్టి కాళ్ళతోనే మొదలుపెట్టాం.

"డ్యాన్సు అనుకోవద్దన్నా" అన్నాడు మాస్టరు మొదటి రోజు మా ఆయనతో. "ఇది నడకే. ఇద్దరు పట్టుకోని నడిసేది. మిగతా డ్యాన్సుల్లో కాలు నేల మీద జారుతాది. టాంగోలో జారకూడదు. కొంచెమే ఎత్తి, ఆడ పెట్టల్ల. నీకు కావల్సింది అదే గదా?"

మా ఆయన తల ఊపాడు. నాకైతే ఆ మాటతోనే మాస్టరు మీద గురి కుదిరింది.

పట్టుకోవడం దగ్గరే మా తల ప్రాణం తోకకొచ్చింది. నా కుడి చెయ్యి ఆయన ఎడమ చేతిలో. ఆయన కుడి అరచెయ్యి నా వీపు మీద. నా ఎడమ చెయ్యి ఆయన భుజం కిందుగా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పట్టపగలు మూడో మనిషి ముందర మేం చేతులు పట్టుకున్నది పెళ్ళినాడే. ఆయన కిటికీ వైపు చూశాడు, నేను ఫ్యాను వైపు చూశాను. మాస్టరు ఫోనులో పాట పెట్టి, చప్పట్లు కొడుతూ, నెమ్మది అడుగుకీ తొందర అడుగుకీ ఆదోని ఉర్దూలో లెక్క చెప్పాడు. "ఆహిస్తా... ఆహిస్తా... జల్దీ జల్దీ... ఆహిస్తా."

ఆయన ముందుకు నడవాలి, నేను వెనక్కి నడవాలి. ముందుకు నడిచేవాడికి మడమ ముందు ఆనాలి. వెనక్కి నడిచేదానికి అంతా తలకిందులు. అడుగు మోకాలి దగ్గర నుంచి వేస్తే కురచబడిపోతుంది, తుంటి నుంచి వేయాలి. ముందు వేళ్ళ కింది మెత్తటి పాదం ఆనాలి, మడమ చివరికి దిగాలి. రెండో కాలు దగ్గరికి వచ్చేదాకా ఆ మడమను దింపకూడదు. మోకాళ్ళు కాస్త సడలి ఉండాలి, తల మాత్రం నెత్తిన బిందె ఉన్నట్టు కదలకుండా ఉండాలి. చీరతో ఈ అడుగు పడలేదు. రెండో వారం నుంచి పంజాబీ డ్రెస్సు వేసుకున్నాను. అది వేసుకుని ఇంట్లోంచి బయలుదేరినప్పుడు వదిన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "బడికి గాదు గదా?" అని మాత్రం అడిగింది.

నా కాళ్ళ మీద నాకు నమ్మకం ఉండేది. మా పుట్టింట్లో మగ్గం ఉంది. గుంటలో కాళ్ళు వేసి, చూడకుండానే ఎడమ, కుడి తొక్కి నేసిన పిల్లను. టాంగో ఎంతలే అనుకున్నాను. కానీ అక్కడ కూర్చుని తొక్కుతాం, మన ఒళ్ళు పలక మీద ఆనుకుని ఉంటుంది. ఇక్కడ ఒళ్ళంతా ఒక కాలి మీద నిలిపి, కనబడని వెనక వైపుకు రెండో కాలు చాపాలి. ఎదుటి మనిషి తోసుకుని రాడని, తోసుకుని వచ్చినా పడేయడని నమ్మాలి. నేను నమ్మలేదు. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేదాన్ని. చూసినప్పుడల్లా పట్టు సడలేది, మా ఆయన కాలు ఆగిపోయేది.

అయినా దాన్ని దిద్దుకున్నాను. దిద్దుకోలేకపోయిన తప్పు ఇంకొకటి ఉంది.

టాంగోలో కాళ్ళు దగ్గర దగ్గరగా పోతాయి. ఆయన కాలు నా కాలు ఉన్నచోటికి వస్తుంది. నేను కాస్త ఆలస్యమైతే తొక్కుతాడు. ఒక్కోసారి నా పాదం ఆయన పాదానికి రాసుకుంటుంది. రాసుకున్న మరుక్షణం నేను ఆగిపోయేదాన్ని. చెయ్యి విడిపించుకుని, వంగి, ఆయన పాదం తాకి, వేళ్ళు కళ్ళకద్దుకునేదాన్ని. తెలిసి చేసేది కాదు. ఒళ్ళు తనంతట తానే చేసేది. మగ్గం మీది బట్టకు కాలు తగిలినా, పుస్తకానికి తగిలినా, పడుకున్న తమ్ముడికి తగిలినా మా అమ్మ ఊరుకునేది కాదు. వేలితో తాకి కళ్ళకద్దుకున్నాకే ముందుకు కదలాలి. అలాంటిది మొగుడికి కాలు తగిలితే?

నేను వంగిన ప్రతిసారీ మా ఆయన కాళ్ళు నేలకు అంటుకుపోయేవి. మాస్టరు పాట ఆపేవాడు. మొదట్లో నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

"మేడం, మా ఇంట్లో గూడా కాలు తగిల్తే ఊరుకోరు. నాకు తెలీదా? కానీ మీరు వంగితే అన్న ఎవర్ని పట్టుకోని నడవల్ల? మనసులో మొక్కుకోండి."

మనసులో మొక్కుకోవడం నా వల్ల కాలేదు. వంగడం ఒకటి మానేశాను గానీ, చెయ్యి గబుక్కున ఆయన భుజాన్ని తాకి కళ్ళ దగ్గరికి పోయేది. ఒక ఆదివారం అట్లాగే పోయింది. ఆయన సరిగ్గా ఒక కాలు ఎత్తి ఉన్నాడు. నా ఎడమ చెయ్యి ఆయన భుజం కిందినుంచి జారిపోయింది. ఆయన పక్కకు ఒరిగి, మోకాళ్ళ మీద పడ్డాడు. మాస్టరు పరిగెత్తుకొచ్చి లేపాడు. ఎముకలకేమీ కాలేదు, మోకాలి తోలు చెక్కుకుపోయింది. పెద్ద దెబ్బ తగిలింది మాత్రం మనసుకే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు కాళ్ళకేసి కూడా చూడలేదు ఆయన.

"ఇంగ నేను రాను. నన్ను ఇడిసిపెట్టు" అన్నాడు ఇంటికి వచ్చాక.

వదిన మోకాలికి పసుపు రాసింది. నా వైపు తిరిగి, "నేను నోరు తెరిసి ఒక్క మాటన్నా అన్నానా? అనల్సింది" అంది. కుర్చీ మళ్ళీ తమ్ముడి వెనక తిరగసాగింది. ఈసారి ఆయన దానికి అడ్డు చెప్పలేదు. అది చూసి నాకు భయం వేసింది. కోపంగా ఉన్న మనిషిని చూస్తే నాకు ధైర్యం, ఒప్పేసుకున్న మనిషిని చూస్తే కాళ్ళూ చేతులూ ఆడవు.

నేను బడిలో విశ్రాంతి పీరియడులో వరండా చివర ఎవరూ లేనప్పుడు వెనక్కి నడిచేదాన్ని. అడుగు పడుతోంది. కావలసింది కాలు తగిలినా వంగకుండా ఉండడం. అది ఒంటరిగా ఎట్లా నేర్చుకోను? మా హిందీ టీచరమ్మను అడిగాను. ఆమె, నేను ఎప్పటి నుంచో స్నేహితులం.

"నా కాలు తొక్కు. నేనూ నీ కాలు తొక్కుతా. ఇద్దరం వంగకూడదు" అన్నాను.

స్టాఫ్ రూము తలుపు వేసి మొదలుపెట్టాం. ఆమె నా కాలు తొక్కింది, వెంటనే తనే వంగింది. నేను ఆమె కాలు తొక్కాను, నేనూ వంగాను. రెండోసారి ఇద్దరం ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నాం. ఆమె నుదురు పట్టుకుని కూర్చుని, "నీ డ్యాన్సు పాడుగాను, నాకు ఈ పాపాలు వద్దమ్మా" అంది. కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నాకు ఏడుపు వచ్చింది. ఇంత చిన్న పని మానుకోలేని మనిషిని ఆయన్ని ఎట్లా నడిపిస్తాను అనిపించింది.

అప్పుడు చాలా ఆలోచించాను. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడంలో తప్పేముంది? ఏమీ లేదు. ఎదుటి మనిషిలో దేవుడున్నాడని మన ఒళ్ళు గుర్తుచేసుకోవడం అది. నాకు ఇప్పటికీ ఆ అలవాటు మీద గౌరవమే. కానీ ఆ మొక్కు నా కోసం పెట్టుకునేది, నా పాపం పోవడానికి. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి ఆ క్షణాన కావలసింది నా చెయ్యి. నా పాపం ఆ కాస్సేపు నా దగ్గరే ఉంటే ఏమైంది? అనుకోవడం సులువుగానే అనుకున్నాను. ఒంటికి చెప్పడమే చేతకాలేదు.

శనగ పీకే కాలం వచ్చి వదిన కొన్నాళ్ళు ఊరికి పోయింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, నేను బడికి ఆలస్యమైపోతూ హడావిడి పడుతుంటే, మా ఆయన మంచానికీ తలుపుకీ మధ్య ఇరుక్కుపోయాడు. నేను ఎదురుగా పోయి రెండు చేతులూ పట్టుకున్నాను.

"రా. ఆహిస్తా. రా."

రాలేదు. కాళ్ళు వణుకుతున్నాయి, లేవడం లేదు. టైమైపోతోంది. నేను ఇంకొంచెం దగ్గరికి జరగబోయాను. నా పాదం పోయి ఆయన బొటనవేలికి గట్టిగా తగిలింది. వంగబోయాను. అంతలో ఆ తగిలిన కాలు లేచింది. చక్కగా ఎత్తి, ముందుకు పెట్టాడు. వెనకే రెండో కాలూ వచ్చింది. ఆయన వస్తున్నాడు, నేను చేతులు విడిస్తే పడిపోతాడు. వంగడానికి నాకు సందు లేదు. వెనక్కి నడుచుకుంటూ పోయాను, ఆయన నా ముందు నడుచుకుంటూ వచ్చాడు. వాకిట్లోకి వచ్చాక ఇద్దరం ఆగి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నా కాలు తగిలింది" అన్నాను నేను, తప్పు చేసినదాని మాదిరి.

"తగిలినాది గాబట్టే లేసినాది" అన్నాడాయన. కాసేపు తన కాళ్ళ వంక చూసుకుని, "మళ్ళా కొట్టు" అన్నాడు.

పొరపాటున తగలడం వేరు, కావాలని కొట్టడం వేరు. నాకు చేతకాలేదు.

"ఏమే, కొట్టమంటాండా గదా! నా కాలు నాది. నేనే సెప్తాండా. కొట్టు."

ఆయన అంత గట్టిగా అరిచి ఎన్నాళ్ళయిందో. ఆ గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళు మూసుకుని నా పాదంతో ఆయన పాదం పక్కన కొట్టాను. కాలు లేచింది. ఆ రోజు బడికి ఆలస్యంగా పోయి హెడ్మాస్టరు చేత మాటలు పడ్డాను. చీమ కుట్టినట్టైనా అనిపించలేదు.

ఆదివారం ఆయనే ముందు చొక్కా తొడుక్కున్నాడు. హాల్లో జరిగింది చెబితే మాస్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. నేలకు అతుక్కున్న కాలికి బయటి నుంచి ఒక పిలుపు కావాలి, అది పాటైనా కావచ్చు, తాకిడైనా కావచ్చు అన్నాడు. మా నడకలో దాన్ని కలిపేశాడు. మొదలుపెట్టేముందు నా పాదం లోపలి అంచు ఆయన పాదానికి ఆనాలి. ఆనిన వెంటనే నేను వెనక్కి చాపాలి, ఆయన ఆ ఖాళీలోకి రావాలి. మలుపు దగ్గర ఆయన ఆగిపోయేట్టు అనిపిస్తే మళ్ళీ ఒక చిన్న తాకిడి. నా చేతులు కళ్ళ దగ్గరికి పోవాలని గుంజుకునేవి. పట్టు విడవలేదు. కొన్ని వారాలకు గుంజుకోవడం తగ్గింది. ఒక ఆదివారం హాలు ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా పోయాం. తిరిగి వచ్చేటప్పుడు మాస్టరు లెక్క చెప్పడం మానేసి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోలేదు.

ఇంట్లో ఆయన ఇంకా ఆగిపోతూనే ఉన్నాడు. జబ్బు పోయేది కాదు, డాక్టరు ముందే చెప్పాడు. నేను ఉంటే తాకుతాను, కదులుతాడు. నేను బడిలో ఉన్నప్పుడే కష్టం. తన కాలితో తన కాలు కొట్టుకుని చూశాడు, పని చేయలేదు. చేతికర్రతో పొడుచుకున్నాడు, ఒకసారి లేస్తే మూడుసార్లు లేవలేదు. నేను లేని వేళ ఆయన్ని కదిలించే ఇంకొక మనిషి కావాలి. అది వదినే కావాలి. కానీ ఆమెతో ఈ సంగతి ఎట్లా చెప్పను?

చెప్పే పని లేకుండానే చూసింది. శనగ పని అయిపోయి, మూట నెత్తిన పెట్టుకుని వదిన లోపలికి వచ్చేసరికి మా ఆయన తలుపు దగ్గర ఆగి ఉన్నాడు, నేను ఆయన కాలు కొడుతున్నాను. మూట ఆమె నెత్తి మీది నుంచి కింద పడింది.

"మొగుణ్ణి కాలితో తంతాండావా? సదువుకున్న దానివి, పిల్లోల్లకు సదువు సెప్పేదానివి! ఇదేనా ఆదోనిలో నేర్సుకున్యేది?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయనే అన్నాడు, "తన్నుడు గాదక్కా. నా కాలికి సెవుడు వచ్చినాది. దగ్గరికొచ్చి పిలిస్తేనే ఇనిపిస్తాది."

"పిలవడానికి నోరు లేదా?"

"నోటితో పిలిస్తే ఇనిపించలేదు గదక్కా. నువ్వు ఎన్నిసార్లు పిలిసినావు?"

వదిన మూట ఎత్తుకుని లోపలికి పోయింది. నాతో మాట్లాడటం మానేసింది. నేను వండింది తినకుండా జొన్న రొట్టెలు విడిగా చేసుకుంది. నేను తమ్ముడి కాలు తాకినప్పుడల్లా గోడ వైపు తిరిగి నిలబడేది. కొన్నాళ్ళు అలా గడిచాక, పొద్దున బస్సుకు ఊరికి పోతున్నానని తమ్ముడితో చెప్పింది. పోయి రావడం కాదు, పోవడమే అన్నట్టు బట్టలన్నీ సంచిలో కుక్కుకుంది. నాకు కోపం రాలేదు. ఆమె చెయ్యలేని పని ఆమెను అడగడం నాకు ఇష్టం లేదు. కానీ బడికి పోవడం ఎట్లా అన్న దిగులు మాత్రం పట్టుకుంది. సెలవు పెట్టి పెట్టి అలసిపోయాను. ఉద్యోగం మానేద్దామా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

మర్నాడు పొద్దున నేను తలస్నానం చేస్తున్నాను. బయట ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మంచం దగ్గర నుంచి, నడవలోకి. పెరటి తలుపు దగ్గర ఆ చప్పుడు ఆగింది. నేను చెంబు కింద పెట్టి విన్నాను. మళ్ళీ మొదలవలేదు. గబగబా బట్టలు చుట్టుకుని తలుపు తీశాను.

ఆయన పెరటి తలుపు దగ్గర చౌకట్టు పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి. వదిన పక్కనే ఉంది. సంచి భుజానికి ఉంది. కుర్చీ ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది, ఆమె దాని వంక చూసింది కూడా. తీసుకోలేదు. వీధి వైపు చూసింది, పెరటి వైపు చూసింది. నేను స్నానాల గది తలుపు చాటుకు జరిగాను. వదిన సంచి దించి కింద పెట్టింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది, ఒక చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుంది. చేనులో తిరిగి తిరిగి పగుళ్ళు బారిన పాదాన్ని ఎత్తి, చంటిబిడ్డను తాకినట్టు ఆయన పాదానికి ఆనించింది.

కాలు లేవలేదు.

"గట్టిగక్కా" అన్నాడు మా ఆయన.

"నా వల్ల గాదప్పా. నిన్ను ఈ చంకలో మోసినాను. నిన్ను కాలితో ఎట్ల కొట్టేది?"

"మోసినావు గదా, ఇప్పుడు నడిపించు. గట్టిగ కొట్టు."

వదిన పెదవులు బిగించింది. "పోప్పా" అంటూ పాదంతో గట్టిగా కొట్టింది. ఆయన కాలు లేచింది. గుమ్మం దాటి అవతల పడింది, రెండో కాలూ దాటింది. ఆమె గోడ వదిలి, రెండు చేతులా ఆయన చెయ్యి పట్టుకుని కూడానే నడిచింది. వంగలేదు. కళ్ళకు చెయ్యి పోలేదు. కళ్ళ నుంచి నీళ్ళు మాత్రం చెంపల మీద కారుతున్నాయి, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

నేను తడి జుట్టుతో ఆ తలుపు చాటునే నిలబడి ఏడ్చాను. దేవుడు గుర్తొచ్చాడు, మొక్కుకోవడం గుర్తు రాలేదు. తర్వాత చీర కట్టుకుని, నా క్యారియరు నేనే సర్దుకుని బడికి బయలుదేరాను. పెరట్లో అక్కాతమ్ముళ్ళు ఇంకా నడుస్తున్నారు. వదిన నా వైపు చూడకుండానే, "సాయంత్రం బిరీన రా" అంది.

ఊరి బస్సు వెళ్ళిపోయింది. వదిన పోలేదు.